దీపానికి కనపడని చెయ్యి

వకుళ దీపం స్విచ్ నొక్కగానే గుహ గోడ నిండా చేతులు వెలిగాయి. నీలంగా, అయిదేసి వేళ్ళతో, ఒకదాని మీద ఒకటి. టూరిస్టులంతా "అమ్మో!" అంటూ వెనక్కి తగ్గారు.

"భయపడకండి, దయ్యాలు కావు. ఏళ్ళ తరబడి ఈ గోడని ముట్టుకున్నవాళ్ళ చేతులివి," అంది వకుళ.

ఆస్ట్రేలియాలో అవుట్‌బ్యాక్ అనే మారుమూల ప్రాంతంలో, ఎర్రమట్టి మైదానం అడుగున ఉన్న లావా గుహ అది. లక్షల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం కక్కిన లావా ఏరులా పారింది. పైభాగం చల్లారి గట్టిపడింది, లోపలిది పారి వెళ్ళిపోయింది. మిగిలిన డొల్లే ఈ గుహ. దాని గోడల మీద బంగారంలా మెరిసే పొర ఒకటుంది. అది ఏదో ఖనిజమనుకునేరు, కాదు. కోట్ల కొద్దీ బాక్టీరియా కలిసి కట్టుకున్న కాపురం. మనిషి చెయ్యి తగిలిందా, తగిలినంత మేరా చచ్చి నల్లబడుతుంది. మళ్ళీ మెరవాలంటే మన మునిమనవల కాలం కూడా చాలదు.

ఆ గోడని కాపాడ్డానికే డాక్టర్ వకుళ ఈ దీపాన్ని కనిపెట్టింది. మన అరచేతి జిడ్డులో ఉండే సూక్ష్మజీవుల పాళ్ళు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. దీపం ఆ జిడ్డుని పసిగట్టి, చెయ్యి తగిలినచోట నీలం వెలుగు వేస్తుంది. గేటు దగ్గర అందరి అరచేతులూ స్కాన్ చేసి ఉంచుతారు కాబట్టి, దీపంలోని కంప్యూటర్ పోల్చి చూసి పేరు చెప్పేస్తుంది. గుహని చూసుకునే నేషనల్ పార్కు వాళ్ళు అప్పుడే రూలు కూడా పెట్టేశారు. ముట్టుకున్నది టూరిస్టయితే జరిమానా, గైడయితే ఉద్యోగం ఊడుతుంది.

కంప్యూటర్ పేర్లు చదవసాగింది. "సింహాద్రి. సింహాద్రి. సింహాద్రి."

అందరూ గైడు వైపు తిరిగారు. సింహాద్రి భీమిలి నుంచి వచ్చి, తెలుగు టూర్లకి గైడుగా అక్కడే స్థిరపడిపోయిన పెద్దమనిషి. గోడ ముట్టుకోవద్దని రోజూ అందరికీ చెప్పేది ఆయనే.

"నావే మేడం, కాదన్ను," అన్నాడు పార్కు ఆఫీసర్ హెలెన్‌తో. "ఈ వాలు కాడ అందరూ జారతారు. ఓ సేత్తో ఆళ్ళని పట్టుకుంటాను. రెండో సెయ్యి ఎక్కడెట్టుకోమంటారు, గాల్లోనా?"

హెలెన్ మొహం చిన్నబోయింది. "నాకు తెలుసు సింహాద్రీ. కానీ రూలులో కారణాలు రాయలేదు."

అదిగో, అప్పుడు వకుళ నోరు విప్పాల్సింది. విప్పలేదు.

ఎందుకంటే ఆ గోడ మీద వకుళ చెయ్యి కూడా ఉంది. మొదటిసారి ఈ గుహలోకి వచ్చినప్పుడు, ఆ బంగారు మెరుపు చూసి ఒళ్ళు పులకరించింది. గుడి గడపని తాకినట్టు గోడని తాకి కళ్ళకద్దుకుంది. అంత చదువూ చదివి, ఆ పొర ముడితే చస్తుందని తెలిసి కూడా! సింహాద్రి చూశాడు. "ముట్టకూడదు తల్లీ," అన్నాడంతే, ఎవరికీ వినపడకుండా.

మరి దీపం ఆ చేతిని ఎందుకు చూపించలేదు? దీపం తయారుచేస్తున్నన్నాళ్ళూ దాని అద్దం మీద వకుళ చేతి జిడ్డే అంటుకుని ఉండేది. ఎటు తిప్పినా ఆవిడ పేరే చెప్పేది. విసుగొచ్చి, ఈ ఒక్క చేతినీ లెక్కలోకి తీసుకోవద్దని కంప్యూటర్‌కి చెప్పేసింది. తరవాత ఆ సంగతే మరిచిపోయింది. ఇప్పుడు గోడ మీద నీలంగా వెలగని ఆ నల్లమచ్చ చూశాక గుర్తొచ్చింది. దేశంలోని గుహలన్నిటికీ ఈ దీపమే పెట్టబోతున్నామని హెలెన్ పొద్దున్నే చెప్పింది. నోరు విప్పితే అదంతా ఏమవుతుందో! తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

బయటికొచ్చాక, బస్సు దగ్గర సింహాద్రి అడిగాడు. "మీ సెయ్యి కనపళ్ళేదేటి మేడం?"

"అది... పాతది కదండీ. చెరిగిపోయుంటుంది."

"పోన్లెండి, మంచిదే అయ్యింది," అన్నాడాయన. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేదేమో, వకుళకి కాస్త కోపమైనా వచ్చేది. ఆయన గైడు టోపీ తీసి బస్సు సీటు మీద పెట్టి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తరవాత గైడు లేడు. దీపమే గైడు. దారి చూపిస్తుంది, కథ చెబుతుంది, చేతుల మీద కన్నేసి ఉంచుతుంది. గ్లౌజులు నిషేధం, వేసుకుంటే ఎవరి చెయ్యో తెలీదు. కర్ర నిషేధం, నేల గీసుకుపోతుంది. గోడకి మేకు కొట్టకూడదు కాబట్టి రెయిలింగూ లేదు. జనం చేతులు చంకల్లో దోపుకుని నడవడం నేర్చుకున్నారు. పక్కవాళ్ళు జారితే ఇంకాస్త గట్టిగా దోపుకునేవారు. ఒకరిని పట్టుకోబోతే తమ రెండో చెయ్యి గోడకి తగులుతుందని భయం. ఎందరు పడ్డారో, ఎన్ని మణికట్లు విరిగాయో! గోడ మాత్రం శుభ్రంగా ఉంది.

వకుళకి అన్నం సయించలేదు. సింహాద్రి దగ్గర్లోని ఊళ్ళో ఏదో హోటల్లో గిన్నెలు తోముతున్నాడని విని, ఇక ఆగలేక హెలెన్ దగ్గరికి బయల్దేరింది. హెలెన్ గుహలోనే, ఒక తెలుగు బృందం వెనకాల ఉంది. వకుళ దగ్గరికి చేరేసరికి వాలు మీద ముందు నడుస్తున్న మామ్మగారు కాలు జారింది. చుట్టూ ఉన్నవాళ్ళు "అయ్యయ్యో!" అన్నారు గానీ ఒక్క చెయ్యీ చంకలోంచి బయటికి రాలేదు. వకుళ ఒక్క ఉదుటున వెళ్ళి ఒక చేత్తో ఆవిడ నడుం పట్టుకుంది. రెండో చెయ్యి గోడకి ఆనించింది. అరచేతి కింద బంగారు పొర మెత్తగా నలిగింది.

దీపం పలకలేదు.

"చూశారా!" అంది వకుళ, ఏడుపు ఆపుకోలేక. "నా చెయ్యి దీనికి కనపడదు. నేనే అలా చేశాను. నేనూ ముట్టుకున్నాను, సింహాద్రి గారికి తెలుసు. ఆయన నా పేరు చెప్పలేదు. నేను మాత్రం ఆయన్ని పోనిచ్చాను. దీపం తీసేయండి, ఆయన్ని పిలిపించండి."

హెలెన్ తల అడ్డంగా ఊపింది.

"తీసేస్తే ఇంతవరకూ వేసిన జరిమానాలన్నీ తప్పంటారు. రేపట్నుంచి అందరూ గోడ పట్టుకునే నడుస్తారు," అంది. "ఆయన వచ్చి ఒక్కరిని పట్టుకుంటే మళ్ళీ ఆయన పేరే చదువుతుంది. ఆయన చేతిని కూడా లెక్కలోంచి తప్పించాలంటే రూలు ఒప్పుకోదు. కానీ డాక్టర్, ఈ వాలు దగ్గర చెయ్యి అందించే మనిషి మాత్రం నాకు కావాలి. దీపానికి కనపడని చెయ్యి దేశం మొత్తానికి మీదొక్కటే. సింహాద్రి ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది."

వకుళకి తల కొట్టేసినట్టయింది. వద్దని గట్టిగా చెబుదామని నోరు తెరిచింది. ఈలోగా వాలు మీద ఆగిపోయిన జనమంతా చంకల్లోంచి చేతులు తీసి ఆవిడ వైపు చాచారు.

"అమ్మాయీ, కాస్త పట్టుకోమ్మా," అంది మామ్మగారి వెనకున్న ఆవిడ.

సిగ్గుతో చచ్చిపోతూనే వకుళ ఒక చేత్తో ఆవిడని అందుకుని, రెండో చెయ్యి గోడకి ఆనించింది.