సాక్షి చేతిలో సీలు

రైలు పట్టాల పక్కన సాక్షి శామ్యూల్ శవం దొరికింది. అతని దగ్గర ఉండాల్సిన ఇత్తడి సీలు మాత్రం దొరకలేదు. తర్వాత ల్యాబ్‌లో ఆ కేసులో పట్టుబడిన ప్యాకెట్ విప్పితే హెరాయిన్‌కు బదులు మైదాపిండి వచ్చింది. విదేశీ ముఠా నాయకుడు మార్కో దర్జాగా బయటికి నడిచాడు.

ఆ రోజు నుంచి ఏజెంట్ సంజీవ్ మనసు మొద్దుబారిపోయింది.

తార్నాకలో ఓ ఇరానీ హోటల్ వెనక గది. చీఫ్ పరశురాం చాయ్ పక్కకు జరిపాడు.

"మార్కో మళ్లీ దొరికాడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో, సరుకుతో సహా. ప్యాకెట్‌కు లక్క కరిగించి సీలు వేశాం. పద్ధతి ప్రకారం ఆ సీలు సాక్షికి అప్పగించాం. మన దగ్గరే ఉంటే, మనమే విప్పి మళ్లీ వేశామంటారు. సాక్షి పేరు ప్రవళిక, పీజీ స్టూడెంట్."

"ప్యాకెట్ ల్యాబ్‌కు ఎప్పుడు సార్?"

"రేపు. మన ఆఫీసర్ స్నిగ్ధ తీసుకెళ్తుంది. ఈసారీ మైదా వస్తే మార్కో బయటికొస్తాడు, ఆ అమ్మాయి బతకదు. లోపల ట్రాకర్ పెడదామా?"

"సూది పెట్టినా కేసు పోతుంది. నేను ప్యాకెట్ వెంట వెళ్లను, సీలు దగ్గర కాపు కాస్తాను. ఇంటి దొంగ ప్యాకెట్ మార్చాలంటే సీలు కావాలి. ఎవరొచ్చి అడిగితే వాళ్లే."

"సిగ్నల్?"

"మిర్చి అయిపోయింది."

సాయంత్రానికి లేడీస్ హాస్టల్ గేటు ముందు బజ్జీల బండి వెలిసింది. దాని వెనక సంజీవ్: అతికించిన మీసం, మసి మొహం, తలకు తువాలు. చొక్కా గుండీలో దాచిన ఖరీదైన కెమెరా నూనె పొగకు అప్పుడే మసకబారింది. మనవరాలిని చూడటానికి రామంతాపూర్ నుంచి వచ్చిన వీరస్వామి బండికి ఆనుకుని నిలబడ్డాడు.

"వేడివేడిగ ఓ ప్లేటు ఎయ్యి బిడ్డా."

ప్రవళిక గేటు దగ్గరికి వచ్చింది. ఆమె కోసమే కారు ఆగింది. స్నిగ్ధ దిగింది. దారిన పోయేవాళ్లు తల తిప్పి చూసేంత అందం. శామ్యూల్ సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఈమే. సంజీవ్‌కు ఒళ్లు మండాలి. మండలేదు. గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

"ఆ సీలు ఒకసారి ఇవ్వమ్మా. వెరిఫికేషన్."

"ఎవ్వలకూ ఇయ్యొద్దన్నరు మేడమ్."

"నేను డిపార్ట్‌మెంట్ మనిషినే."

"గందుకే ఇయ్య. ముఖ్యంగ మీ డిపార్ట్‌మెంటోళ్లకే ఇయ్యొద్దన్నరు."

స్నిగ్ధ చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. సైలెన్సర్ మూతి బయటికొచ్చింది. అంతే! సంజీవ్ జల్లిగరిటెడు బజ్జీలు నూనె కారుతుండగానే ఆమె మణికట్టు మీదికి విసిరాడు. పిస్టల్ ఎగిరిపడింది.

"మిర్చి అయిపోయింది!"

మఫ్టీవాళ్లు చుట్టుముట్టారు. బ్యాగులో లక్క కడ్డీ, కొవ్వొత్తి, మైదా ప్యాకెట్.

"సంజీవ్! నన్నెప్పుడు అనుమానించావ్?"

"అనుమానించలేదు. అదే బాధ."

బాధ అన్నాడే గానీ, లోపల అదీ లేదు.

ఇప్పుడు ఈ పిస్టల్‌కూ సీలు వెయ్యాలి, దానికీ బయటి సాక్షి కావాలి. "సాక్షి సంతకం ఎవరు పెడతారు?" అన్నాడు. అంతవరకూ ఎగబడి వీడియోలు తీసిన జనం ఇట్టే మాయమయ్యారు. వీరస్వామి ఒక్కడే మిగిలాడు.

లక్క ఆరాక సంజీవ్ ఈ రెండో ఇత్తడి సీలు ఆ ముసలి అరచేతిలో పెట్టాడు. అప్పుడు సీలు అందుకున్న శామ్యూల్ చేయి గుర్తొచ్చింది. ఇన్నాళ్లకు మొదటిసారి భయమేసి, ఆ ముసలి వేళ్లను తన రెండు చేతులతో మూశాడు.

"ఎవరికీ ఇవ్వకు పెద్దాయనా. నేనొచ్చి అడిగినా సరే, ఇవ్వకు."

"ఇయ్య తీ" అన్నాడు వీరస్వామి, సీలు బొడ్లో దోపుకుంటూ. "గని నా బజ్జీలేవి?"