నాలుగొందల తొంభై ఎనిమిదో మెట్టు

"ముందు ఆ గొడుగు ముయ్యి!"

లవీనియా నుదురు రుద్దుకుంటూ అరిచింది. అరవదూ మరి? ఇటలీలోని బొలోన్యాలో ఏ వీధి చూసినా వసారాలే. వాన పడితే ఊళ్ళోవాళ్ళెవరూ గొడుగు జోలికే పోరు. ఈ పొడుగాటి డెన్మార్క్ కుర్రాడు మాత్రం వసారా కింద నిలబడి మరీ గొడుగు విప్పి, దాని పుల్లతో గైడ్ నుదుటినే పొడిచాడు.

"సారీ అండీ! వాన పడుతోంది కదా అని..."

"ఎక్కడ? నీ నెత్తిమీదా? ఒక్కసారి పైకి చూడు."

అతను తలెత్తి చూశాడు. "కప్పు చాలా బాగుందండీ," అన్నాడు నిజాయితీగా.

"నువ్వు చదివేది ఆర్కిటెక్చరేనా?"

వెనకున్న స్నేహితులు ఘొల్లున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎర్రటి చెవులు చూసి లవీనియాకి నవ్వొచ్చింది కానీ, నుదురు ఇంకా మండుతోంది కాబట్టి బయటపడలేదు.

అతని పేరు ఆస్గర్. ఆర్హుస్ నుంచి ఆర్కిటెక్చర్ విద్యార్థుల బృందంతో ఊరు చూడ్డానికి వచ్చాడు. లవీనియా ఇక్కడే లా చదువుతూ, శనివారాలు ఇలాంటి బృందాలకు ఊరు చూపిస్తుంది. ఎప్పుడూ సరదాగా చేసే పనే. ఈ వారం మాత్రం మనసు మనసులో లేదు. సోమవారం రోమన్ లా పరీక్ష. ఆ ఒక్కటే మిగిలింది. ఇప్పటికి మూడుసార్లు తప్పింది. చదవక కాదు. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో జవాబు చెప్పాలి. ఆయన కళ్ళజోడు సవరించుకుంటే చాలు, ఆమెకి నోరు పెగలదు. ఈసారి కూడా తప్పితే జూలైలో పట్టా రాదు. పక్క ఊరు మోడెనాలో లాయరుగారు ఇస్తానన్న ఉద్యోగమూ ఉండదు.

ఊరి నడుమ ఆకాశాన్నంటే పాతకాలపు అసినెల్లి టవర్ దగ్గరికి రాగానే ఆమె ఆగిపోయింది.

"మీరంతా ఎక్కి రండి. నేనిక్కడే ఉంటాను."

"అదేంటి, గైడ్ రారా?" అన్నాడు ఆస్గర్.

"రారు."

"ఓహో, ఎత్తంటే భయమా?"

"భయమేం కాదు."

"అందరూ అలాగే అంటారు లెండి."

"నీకెలా తెలుసు?"

అతను గొడుగు బొత్తాం తెగ నొక్కాడు. తర్వాత గబగబా వెళ్ళి రెండు టికెట్లతో తిరిగొచ్చాడు. "రండి, సిగ్గుపడకండి. మెల్లగా ఎక్కుదాం."

"నీకు బుద్ధుందా? నేను ఎక్కనని చెప్తుంటే వినపడట్లేదా?"

గుమ్మం దగ్గర టికెట్లు చింపే ఎర్మెస్ తాత కల్పించుకున్నాడు. "ఇక్కడ చదివే పిల్లలు పట్టా చేతికి రాకముందు ఈ టవర్ ఎక్కరు నాయనా. ఎక్కితే ఇక పట్టా రాదంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడున్నాను. ఎక్కినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు."

ఆస్గర్ ఆమె వైపు తిరిగాడు. "మీరు నిజంగా నమ్ముతారా?"

"నమ్మను. కానీ ఎక్కను."

అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. రెండో టికెట్ జేబులో పెట్టుకుని, తల వంచుకుని, మిగతావాళ్ళ వెనకే మెట్లెక్కాడు.

ముప్పావుగంటకి అందరూ దిగొచ్చారు, అతనొక్కడు తప్ప.

"పైన మెట్లమీద కూర్చుండిపోయాడు," అంది గుంపులో ఒకమ్మాయి. "కళ్ళు తెరవడు, కదలడు. చెయ్యి పట్టుకుంటే అరుస్తున్నాడు. వాడికి ఎత్తంటే చచ్చేంత భయమట. ఇప్పుడు చెప్తున్నాడు!"

లవీనియా పకపకా నవ్వింది. బాగా అయింది అనుకుంది. ఎర్మెస్ తాత ఫోన్ చేతిలోకి తీసుకోవడం చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"నా మోకాళ్ళు అంత పైకి ఎక్కనివ్వవు. ఫైర్ వాళ్ళని పిలవాల్సిందే."

ఫైరింజను వస్తే వీధి వీధంతా పోగవుతుంది. అంతమంది ముందు అతణ్ణి మోసుకుని దింపుతారు. నలుగురి ముందు నోరు పెగలక కూర్చోవడం ఎలా ఉంటుందో లవీనియాకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఆమె మెట్ల వైపు చూసింది. సోమవారం గుర్తొచ్చింది.

"ఫోన్ పెట్టెయ్ తాతా. తీసుకొచ్చింది నేను, దించాల్సిందీ నేనే," అని ఎక్కడం మొదలుపెట్టింది. వెనక ఎర్మెస్ తాత గుండెలమీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

ఆస్గర్ దాదాపు శిఖరం దగ్గరే, చెక్కమెట్టు మీద గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. ఆమె గొంతు వినగానే కళ్ళు తెరిచాడు.

"నువ్వెందుకొచ్చావ్? నీ పట్టా..." కంగారులో మర్యాద మర్చిపోయాడు.

"దాని సంగతి తర్వాత. ఎన్నో మెట్టు మీదున్నావ్?"

"నాలుగొందల తొంభై ఏడు. ఇంకొక్కటే ఉంది. భయం తెలియకుండా లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఇక్కడ కిందికి చూశాను."

"ఇప్పుడు చూడకు. నన్ను చూడు. నా భుజం పట్టుకో. ఒక్కొక్కటే దిగుదాం."

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. మాట ఆగితే నాకు కాలు కదలదు."

"నా బుర్రలో రోమన్ లా తప్ప ఇంకేం లేదు బాబూ."

"అదే చెప్పు, ప్లీజ్!"

ఆమె చెప్పింది. నీళ్ళలో చేప ఎవరిదీ కాదు, పట్టుకున్నవాడిదే. ఏరు మేటవేసిన మట్టి, అది చేరిన పొలంవాడిది. తేనెటీగల గుంపు మన చూపు దాటిపోతే ఇక మనది కాదు.

"మరి పావురాలు?" అన్నాడు ఆస్గర్, కళ్ళు మూసుకునే.

"పావురం ఎంత దూరమైనా ఎగిరిపోనీ, తిరిగి రావాలన్న బుద్ధి దానికి ఉన్నంతకాలం మనదే."

"ఇదేదో బాగుంది. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. అతను అడుగుతున్నాడు, ఆమె చెబుతోంది. ఎక్కడా తడబడలేదు. ఎక్కడా గొంతు ఎండలేదు. నేలమీద కాలు పెట్టేసరికి సగం పాఠం అప్పజెప్పేసింది.

"నావల్ల ఎక్కాల్సొచ్చింది," అన్నాడు ఆస్గర్. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "థాంక్స్ అంటే చాలదు. సారీ అన్నా చాలదు."

"నేను ఎక్కింది నాలుగొందల తొంభై ఆరు వరకే. తాతా, లెక్కలోకొస్తుందా?"

ఎర్మెస్ తాత జడ్జీలా గడ్డం నిమురుకున్నాడు. "పైన అడుగు పెడితేనే ఎక్కినట్టు. ఇది రాదు." ఆ నియమం అంతకుముందే ఉందో, ఆయన అప్పటికప్పుడు పుట్టించాడో ఎవరూ అడగలేదు.

ఆదివారం ఆ బృందం రైలెక్కింది. సోమవారం ప్రొఫెసర్ కళ్ళజోడు సవరించుకున్నారు. లవీనియాకి యథాప్రకారం గొంతు ఎండింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఎదురుగా ఉన్నది ప్రొఫెసర్ కాదు, గోడకి అతుక్కుపోయిన ఎర్రచెవుల కుర్రాడు అనుకుంది. మాట ఆగితే పాపం అతనికి కాలు కదలదు.

ఆమె మాట ఆపలేదు. ముప్ఫైకి ఇరవై ఏడు వచ్చాయి.

ఆ సాయంత్రం ఆస్గర్‌కి మెసేజ్ పెట్టింది: "తాత చెప్పిందే కరెక్ట్. లెక్కలోకి రాలేదు." ఆ తర్వాత మూడు నెలలపాటు ఇద్దరి ఫోన్లకీ విశ్రాంతి లేదు.

జూలైలో పట్టా తీసుకుని, అక్కడ పట్టా వచ్చినవాళ్ళు పెట్టుకునే లారెల్ ఆకుల దండ తలమీద పెట్టుకుని, లవీనియా తిన్నగా టవర్ దగ్గరికొచ్చింది. మండుటెండలో గొడుగు వేసుకుని ఆస్గర్ నిలబడి ఉన్నాడు.

"వాన లేదుగా!"

"నువ్వు గుర్తుపడతావో లేదో అని." జేబులోంచి నలిగిపోయిన టికెట్ తీశాడు. "నీది నా దగ్గరే ఉండిపోయింది."

ఎర్మెస్ తాత దాని తేదీ చూడకుండానే చింపేశాడు.

నాలుగొందల తొంభై ఏడో మెట్టు దగ్గర ఆస్గర్ మళ్ళీ ఆగిపోయాడు. లవీనియా మాత్రం ఆ ఒక్క మెట్టూ ఎక్కి, పైన ఎండలో నిలబడి వెనక్కి తిరిగింది.

"ఇంత భయం పెట్టుకుని మళ్ళీ ఎందుకెక్కావ్?"

"నీకు థాంక్స్ చెప్పాలిగా. ఇక్కడే చెప్పాలనిపించింది."

"చెప్పాల్సింది నేను. నాకు నోరు తెరవడం నేర్పింది నువ్వు."

"నేనేం చేశాను? భయపడ్డానంతే!"

"అంత బాగా భయపడ్డావ్ కాబట్టే నాది పోయింది."

అతను గోడ వదల్లేదు. "పరీక్షలో పావురాల గురించి అడిగారా?"

"అడిగారు. తిరిగొచ్చే బుద్ధి ఉందని ఎలా తెలుస్తుంది అన్నారు."

"ఏం చెప్పావ్?"

"తిరిగొస్తే తెలుస్తుంది అన్నాను."

ఆమె చెయ్యి చాచింది. ఆస్గర్ గోడ వదిలాడు. "వచ్చాను," అని, కళ్ళు బాగా తెరిచి, ఆ చివరి మెట్టు ఎక్కాడు.