ఓడకూడదు

కూర్చుని పత్తి బేరాలు చెయ్యడం, లేచి భోంచెయ్యడం, మళ్లీ కూర్చోవడం. కోవిల్‌పట్టి దామోదరసామికి ఇంతకు మించిన వ్యాయామం తెలియదు. అలాంటివాడు ఒకరోజు తూకం దగ్గర మూట ఎత్తబోయి, గుండె పట్టుకుని దబ్బున పడ్డాడు.

రైలెక్కించి విరుదునగరం డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. వెంట వెళ్లింది తల్లి వీరమ్మాళ్, మేనమామ కూతురు చిన్నతాయి. డాక్టరు అరవంలో జాగ్రత్తలు చెబుతుంటే తల్లి ఏడుపులోనే ఉండిపోయింది. దామోదరసామి లోపల మగతలో పడుకుని ఉన్నాడు, విన్నది చిన్నతాయి ఒక్కతే.

తిరుగు రైల్లో దామోదరసామి నీరసంగా అడిగాడు. "ఏమన్నాడే?"

చిన్నతాయి కిటికీ వైపు తిరిగింది. నిండిన కళ్లు బావ కంట పడకూడదని.

"పొద్దున్నే లేచి రోడ్డెక్కాలంట. ఓడకూడదంట."

"అంతేనా?"

"అంతే. నువ్వు ఓడినావంటే మాత్రం బావా, నీ మొగం చూడను."

మరదలు అంతమాట అన్నాక ఇంకేం కావాలి మనవాడికి! ఒళ్లు బాగుపడగానే, కోడి కూసే వేళకి లేచి, పంచె ఎగ్గట్టి, ఎట్టయపురం రోడ్డు మీద పరుగు లంకించుకున్నాడు.

పరుగంటే అదేం పరుగులెండి. ఊపిరి ఈల వేసేది, కుక్కలు వెంటపడేవి, కాళ్లు ఇక మావల్ల కాదనేవి. ఆగిపోదామనుకునేసరికి 'ఓడకూడదు' అన్న గొంతు చెవిలో పడేది. అంతే, మళ్లీ పరుగు. అదీ మామ అయ్యాసామి ఇంటి ముందునుంచే, పనిగట్టుకుని.

చిన్నతాయి వాకిట్లో ముగ్గు వేస్తూ తలెత్తి చూసేది. చూసి, ముగ్గు సగంలో వదిలేసి, లోపలికి పోయి తలుపు ధడాలున వేసేది.

"ఇంకా వేగం చాలలేదు కాబోలు," అనుకునేవాడు ఈ మహానుభావుడు.

ఒకనాడు వీరమ్మాళ్ మొహం వేలాడేసుకుని వచ్చింది. "ఒరే, మీ మామ పిల్లను శ్రీవిల్లిపుత్తూరు సంబంధానికి ఇచ్చేస్తాడంట. ప్రాణం మీద తీపి లేనివాడికి ఎట్లా ఇచ్చేదని అడుగుతున్నాడు."

బయట వాన. దామోదరసామి గొడుగైనా తీసుకోకుండా ఉరికాడు. మామ ఇంటి అరుగు మీద కూలబడేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

చిన్నతాయి చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. తాగించింది. ఊపిరి సర్దుకునేదాకా ఆగి, అప్పుడు అందుకుంది.

"బుద్ధుందా నీకు? ఓడకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పినానే!"

"ఓడలేదే! అందుకే గదా దినమూ పరిగెత్తేది!"

"పరిగెత్తేది ఓడడం కాకపోతే మరేంది?"

దామోదరసామి అరుగు మీద నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఏమే, నువ్వు చెప్పింది అరవమా?"

"డాక్టరు అరవంలో అన్న మాట అట్లనే చెప్పినా. రోడ్డెక్కి మెల్లగా నడవాల, పరిగెత్తకూడదు అని!"

అరవంలో ఓడడమంటే పరుగు. తెలుగులో ఓడడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగూ వీధిలో అరవమూ మాట్లాడేవాళ్ల నాలుక మీద రెండూ కలిసే కాపురం చేస్తాయి.

"నేను తెలుగులో విన్నానే," అన్నాడు దామోదరసామి. "రోగానికి ఓడిపోవద్దంటున్నావనుకున్నా. ఓడితే మొగం చూడనంటివి గదా. నీకోసమే పరిగెత్తినా."

చిన్నతాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "తలుపేసుకుని లోపల ఏడ్చేదాన్ని బావా, ఈ దినం ఎక్కడ పడిపోతావో అని. నువ్వంటే నాకు ప్రాణం. అంతమాత్రం తెలియదా?"

తలుపు వెనక దగ్గు వినిపించింది. అయ్యాసామి బయటికి వచ్చాడు.

"శ్రీవిల్లిపుత్తూరు వాళ్లను రావద్దంటాలే. కానీ అల్లుడూ, పత్తి ఏరేదాకా దినమూ మా ఇంటికి నడిచి రా. మానుకున్నావో, పిల్ల లేదు."

నిజం చెప్పాలంటే పరుగు కన్నా నడకే కష్టమైంది. పరిగెత్తేవాణ్ణి ఊరంతా చూస్తుంది. నడిచేవాణ్ణి ఎవరు చూస్తారు? మబ్బు పట్టిన పొద్దుల్లో దుప్పటి వదలబుద్ధయ్యేది కాదు. కానీ అక్కడ వాకిట్లో చిన్నతాయి మజ్జిగ చెంబుతో నిలబడేది. ఆలస్యమైతే ఆ మజ్జిగ కుడితిలో పోసేసేది.

"మజ్జిగేనా? పాలకోవా లేదా?" అనేవాడు దామోదరసామి.

"పెళ్లికి తిందువుగాని. తాగు."

అట్లా మజ్జిగ తాగి తాగి, నడిచి నడిచి, పొట్ట తగ్గింది. మూట ఎత్తినా ఆయాసం రావడం మానేసింది. పత్తి ఏరడం అయిపోయింది. విరుదునగరం డాక్టరు గుండె విని సరేనన్నాడు. దామోదరసామి చిన్నతాయి మెడలో తాళి కట్టాడు.

పెళ్లిలో బిందెలో ఉంగరం వేసి ఇద్దరినీ వెతకమన్నారు. చుట్టూ జనం ఒకటే గోల. నీళ్లలో ఉంగరం ముందు దామోదరసామి వేళ్లకే తగిలింది. చిన్నతాయి తల వంచుకునే, అతనికి మాత్రమే వినబడేట్టు అంది.

"బావా, ఓడు."

అది ఏ భాషో ఈసారి అతను అడగలేదు. ఉంగరాన్ని మెల్లగా ఆమె వేళ్ల మధ్యకి జరిపాడు.