నడుం నొప్పి కాదు

గరాచర్మ ఊళ్లో ఆ శనివారం పొద్దున్నే కుళాయి వచ్చింది. రెండో బిందె ఎత్తబోతూ జ్ఞానవతి గట్టు మీద కూలబడిపోయింది. కూతురు సుందరి పరుగెత్తి పట్టుకునేసరికి, చీర కింద లంగోటాలా బిగించి కట్టుకున్న పాతగుడ్డ కనిపించింది.

"ఏంటమ్మా ఇది?"

"గర్భసంచి జారింది. మీ తమ్ముడు పుట్టినప్పటి నుంచీ. ఇరవై రెండేళ్లు."

సుందరి ఉద్యోగమే ఇలాంటివి అడగడం. స్త్రీల ఆరోగ్యం మీద జరుగుతున్న ఓ పరిశోధన కోసం ఇల్లిల్లూ తిరిగి, హిందీలోనూ తెలుగులోనూ ప్రశ్నలడిగి ఫారాలు నింపుతుంది. "కింద ఏదైనా జారినట్టుంటుందా?" అన్న ప్రశ్న దగ్గర అమ్మ ఫారంలో తనే "లేదు" అని రాసేసింది. అడగనైనా అడగలేదు. మా అమ్మ సంగతి నాకు తెలీదా అనుకుంది మహాతల్లి!

అప్పటికప్పుడు తల్లిని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆపరేషన్ చేస్తే హాయిగా తిరగొచ్చన్నాడాయన. గురువారం రమ్మన్నాడు.

సాయంత్రం తండ్రి జీవరాజు చెప్పులు విప్పకముందే సుందరి విషయం చెప్పేసింది. ఆయన చర్చిలో సంఘపెద్ద. మొహం మాడిపోయింది.

"డాక్టరెవరు? మగాడా?"

"అవును నాన్నా. అయితే ఏంటి?"

"ఈ వయసులో ఇజ్జత్ తీసే పనేటిది! సంఘంలో తలెలా ఎత్తుకోను? రేపు ప్రార్థన పెట్టిద్దాం. చీటీలో నడుం నొప్పని రాస్తాను."

"మళ్లీ నడుం నొప్పేనా?" జ్ఞానవతి వంటగదిలోంచి వచ్చింది. "ఆనాడే మీతో చెప్పాను. ప్రార్థన చేసుకో అన్నారు. చేసుకున్నాను. దేవుడు డాక్టర్ని పంపితే ఇప్పుడు మీరు అడ్డం నిలబడ్డారు. మీ పరువుని గుడ్డతో కట్టుకుని మోశానండీ, ఇరవై రెండేళ్లు. బస్! ఇంక మొయ్యను."

ఆయన అన్నం తినకుండా లేచిపోయాడు. ఎవరూ బతిమాలలేదు.

ఆదివారం ఆరాధనలో ఎప్పట్లాగే జీవరాజు ప్రార్థన అవసరతల చీటీలు పైకి చదివాడు.

"లీదియమ్మగారు, నడుం నొప్పి. రాహేలమ్మగారు, నడుం నొప్పి. జ్ఞానవతమ్మ, నడుం..."

"కాదు."

ఆడవాళ్ల వైపు చాప మీంచి జ్ఞానవతి లేచి నిలబడింది. గొంతు తగ్గించలేదు. "నాది నడుం నొప్పి కాదు. గర్భసంచి జారింది. గురువారం ఆపరేషన్. దానికి ప్రార్థన చెయ్యండి."

జీవరాజు భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ తల దించలేదు. కాసేపటికి ఆయనే దించుకున్నాడు. పెన్ను తీసి చీటీలో రాసింది కొట్టేశాడు.

"జ్ఞానవతమ్మ. గర్భసంచి ఆపరేషన్. ఆవిడ చెప్పినా నేను పట్టించుకోలేదు... నా కోసం కూడా ప్రార్థన చెయ్యండి."

సుందరికి కన్నీళ్లాగలేదు. అంతలో వెనక వరసలోంచి, మోకాలి మీద చెయ్యేసుకుంటూ లీదియమ్మ లేచింది. పోయిన నెల సుందరి తన ఇంటికొచ్చి అడిగితే "మాకలాంటివేం లేవమ్మా" అని పంపేసిన ముసలమ్మే.

"జీవరాజు బాబూ," అందావిడ, "నా చీటీ కూడా దిద్దెయ్."