ఆనకట్ట ఎపిసోడ్

ఆదివారం పొద్దున్నే గుమ్మం ముందు కొత్త చెప్పులు కనిపించాయంటే కోడలి స్నేహితులు వచ్చారని టీచరమ్మకు అర్థమైపోయేది. బళ్లో ఏళ్ల తరబడి భూగోళం చెప్పి రిటైరైన ఆవిణ్ణి వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. ఆవిడకు కోడలంటే ముచ్చటే. పళ్ల ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తుంది ఆ పిల్ల. మైనంలో ఒక్కో పన్నూ చెక్కి, పక్క పంటి రంగుతో కలిపి, పెట్టుకున్నవాళ్లే మర్చిపోయేంత సహజంగా తీర్చిదిద్దుతుందని పేరు. అంతటి పనిమంతురాలు వారానికోసారి మనుషుల్ని పోగేసుకుని జపాన్ వాళ్ల బొమ్మల కథల గురించి భోజనాల వేళదాకా వాదించుకోవడం ఏమిటో మాత్రం ఆవిడకు అంతుచిక్కేది కాదు. వాటిని అనిమే అంటారట. వంటింట్లోంచి చెవులు రిక్కించి వింటే సగం మాటలు తెలిసేవి, సగం తెలిసేవి కావు. ఆ తెలియని సగమే ఆవిణ్ణి కుదురుగా ఉండనిచ్చేది కాదు.

ఆ రోజు టీ కప్పులు అందరికీ ఇచ్చి, వంటింట్లోకి వెళ్లకుండా అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనో మాట అడుగుతాను. నవ్వకూడదు మరి."

"అడగండి ఆంటీ," అన్నాడు కేకుల కుర్రాడు. బేకరీలో కేకుల మీద క్రీముతో పువ్వులు వేసే పని అతనిది.

"ఇంతింత వయసొచ్చాక కూడా ఈ కార్టూన్లేమిటర్రా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఈ రోజు మేం మాట్లాడుకుంటోంది సరిగ్గా దాని గురించేనండీ! బయటివాళ్లు మమ్మల్ని ఏమేం అపార్థం చేసుకుంటారా అని."

"అయితే నాతోనే మొదలుపెట్టండి," అంది టీచరమ్మ, కళ్లజోడు సర్దుకుంటూ.

"మా లైబ్రరీ హెడ్డుగారు ఆ బొమ్మల పుస్తకాలన్నీ పిల్లల అరలో పెట్టించారు. అందులో ఒకటి, భర్త పోయినావిడ ఒంటరిగా కూర్చుని తినడం నేర్చుకునే కథ. ఎవరో బుడతడు తీసుకెళ్లి, ఇందులో ఒక్క ఫైటింగూ లేదని మొహం మాడ్చుకుని తిరిగిచ్చాడు."

"మా నాన్నదింకో గోల," అన్నాడు కేకుల కుర్రాడు. "తలుపేసుకుని చూస్తే చూడకూడనిదేదో చూస్తున్నానంటాడు. తలుపు తీసి చూస్తే చిన్నపిల్లాడివా అంటాడు. ఏదో ఒకటి అనుకోవాలి గానీ, రెండూ ఎలా అవుతానండీ?"

టీచరమ్మ పకపకా నవ్వింది. "మరి కళ్లు అంతంత పెద్దవి ఎందుకేస్తారు?"

"మూతి చిన్న గీత కదా అత్తయ్యా. చెప్పాల్సిందంతా కళ్లతోనే చెప్పాలి," అంది కోడలు.

ఆ జవాబు ఆవిడకు నచ్చింది. ఇంతలో ఆవిడ రెండో కొడుకు, చిన్నోడు, తల తుడుచుకుంటూ వచ్చి వదిన పక్కన చతికిలబడ్డాడు. కంటాసుపత్రుల మిషన్లకు అద్దాలు అరగదీసే వర్క్‌షాపులో పనిచేసేవాడు వాడు. పనితనం చూసి ఎవరో పెద్ద కంపెనీవాళ్లు పిలిచారు. సైన్యానికి డ్రోన్లు తయారుచేసే కంపెనీ. వాటి కెమెరాలకు అద్దాలు చెయ్యాలి. మంగళవారం చేరాలి. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. అనిమే పిచ్చి ఈ ఇంటికి తెచ్చింది వదినే అయినా, అంటుకుంది మాత్రం మరిదికే. ఇద్దరూ ఒకే ఈడు వాళ్లు కావడంతో కొత్త కథ ఏదొచ్చినా పోటీపడి చూసేవారు.

"అన్నిటికన్నా పెద్ద అపార్థం నేను చెప్పనా?" అంది కోడలు. "ప్రతి కథలోనూ చెడ్డవాడు ఒకడుంటాడు, వాణ్ణి కొడితే అయిపోతుంది అనుకుంటారు. ఆనకట్ట ఎపిసోడ్ ఒక్కటి చూపిస్తే చాలు, నోరు మూసుకుంటారు."

"ఆనకట్టేమిటి?" అంది టీచరమ్మ.

కోడలు వివరంగా చెప్పింది. రెండు రాజ్యాలకు యుద్ధం. నది ఒడ్డున ఓ ఊరు. శత్రుసైనికులు అందులో దాక్కున్నారని ఎగువనున్న ఆనకట్ట తెంపించేస్తాడు సేనాని. ఊరు మునిగిపోతుంది. ఆ దెబ్బతో యుద్ధం ఆగిపోతుంది.

"నన్నడిగితే సేనాని చేసిందే కరెక్టు," అన్నాడు చిన్నోడు. "లేకపోతే యుద్ధం ఇంకెన్నేళ్లు సాగేదో. ఒక్క ఊరు పోయింది, మిగతా ఊళ్లన్నీ బతికాయి."

"ఆ లెక్క ఎప్పుడూ మునగనివాళ్లే వేస్తారు," అంది లైబ్రరీ అమ్మాయి.

"ఊళ్లోవాళ్లు సైనికుల్ని ఎందుకు దాచారు మరి?"

"తుపాకీ పెట్టి తలుపు తీయమంటే ఏం చేస్తారు?" అన్నాడు కేకుల కుర్రాడు.

ఎవరు ముందు అన్నారో గానీ, బొమ్మల రాజ్యాలు వెనక్కిపోయి టీవీలో రోజూ చూపిస్తున్న నిజం యుద్ధం మధ్యలోకి వచ్చిపడింది. ఎవరు ముందు కొట్టారు, ఎవరికి హక్కుంది, ఎవరి వార్తలు అబద్ధాలు... గొంతులు పెరిగాయి. టీచరమ్మ ఒకసారి ఇటూ ఒకసారి అటూ తల తిప్పుతూ వింటోంది.

"యుద్ధమన్నాక పోకుండా ఉంటారా? గురి తప్పకుండా కొడితే చాలు," అన్నాడు చిన్నోడు.

"ఆ గురికోసమేగా నిన్ను తీసుకెళ్తోంది!" అనేసింది కోడలు.

చిన్నోడు గిరుక్కున వదినవైపు తిరిగాడు.

"అంటే ఏంటి వదినా? మనుషుల్ని చంపడానికి వెళ్తున్నాననా?"

"నేను అలా అన్లేదు."

"అన్నావు. అందరి ముందూ అన్నావు. నీకేంలే, కట్టుడు పళ్ల వల్ల ఎవరూ చచ్చిపోరు. చేతులు శుభ్రంగా ఉంటాయి." లేచి, తువ్వాలు కుర్చీ మీద విసిరేసి బయటికి వెళ్లిపోయాడు. స్నేహితులిద్దరూ సగం తాగిన టీ వదిలేసి, మెల్లగా చెప్పులు వేసుకున్నారు.

ఆ పూట చిన్నోడు భోజనానికి రాలేదు. రాత్రికి వచ్చి, తిన్నానని చెప్పి గది తలుపేసుకున్నాడు. కోడలు వండినవన్నీ మూతపెట్టి, మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. పెద్దోడు మందుల షాపు కట్టేసి వచ్చేసరికి ఇల్లు ఇలా ఉంది. తమ్ముడి గదికీ పెళ్లాం గదికీ మధ్య తిరిగి తిరిగి విసిగి, తల్లి దగ్గర చేరాడు.

"దేనికైనా మందిస్తాను గానీ, దీనికి నా షాపులో ఏదీ లేదమ్మా. బొమ్మల్లో ఊరు మునిగితే మనింట్లో పొయ్యి ఆరిపోవడమేంటి?"

"అదే నాకూ తెలుసుకోవాలనుంది," అంది టీచరమ్మ.

మర్నాడు కోడలు ల్యాబుకు వెళ్తుంటే ఆపింది. "ఆ కథ నాకు పెట్టివ్వు."

"ఆనకట్ట ఎపిసోడా అత్తయ్యా?"

"కాదు, మొదటినుంచీ. మధ్య పాఠం తీసి నేనెప్పుడూ చెప్పలేదు, వినలేదు."

కిటికీ దగ్గర ట్యాబు నిలబెట్టుకుని, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూడటం మొదలుపెట్టింది. తొలుత నవ్వొచ్చింది. రెండు రాజ్యాల మ్యాపు వచ్చినప్పుడు ఆపి, ముక్కు దగ్గర పెట్టుకుని పరిశీలించి, "నది ఎత్తుకెక్కి పారుతోందేమిటర్రా!" అని ఒక్కతే గట్టిగా అంది. తర్వాత నవ్వు తగ్గింది. స్టవ్ మీది పాలు పొంగి చల్లారిపోయినా లేవలేదు. సేనాని చెడ్డవాడు కాడు. మొక్కలు పెంచుతాడు, జబ్బుపడ్డ కూతురికి కథలు చెబుతాడు. అలాంటివాడే ఆనకట్ట దగ్గర నిలబడి, కానివ్వండి అన్నాడు.

సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి అత్తగారు ఒకే చోటును మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూస్తోంది. చెంపలు తడిగా ఉన్నాయి.

"ఏమైంది అత్తయ్యా?"

"ఈవిడెవరు?"

కోడలు వంగి చూసింది. నీళ్లొస్తున్నాయని జనం పరుగులు పెడుతుంటే, ఓ మూలగా, ఒక ఆడమనిషి వెనక్కి వచ్చి, ఇంటి తలుపుకు తాళం వేసి, లాగి చూసుకుని మళ్లీ పరిగెడుతోంది. రెప్పపాటులో అయిపోయింది.

"తెలీదు. దీన్ని ఎన్నిసార్లు చూశానో, ఈవిణ్ణి గమనించనేలేదు."

"చిన్నోణ్ణి పిలువు. నువ్వు పిలిస్తే రాకపోతే, అమ్మ పిలిచిందను."

చిన్నోడు వచ్చాడు గానీ వదినవైపు చూడలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "రేపు పొద్దున్నే వెళ్లాలి. సేనాని మంచివాడా చెడ్డవాడా అని మళ్లీ మొదలెట్టకండి."

"వాడి సంగతి నాకొద్దు. ఇది చూడు."

చూశాడు. "ఏముంది ఇందులో?"

"తాళం వేస్తోంది."

"వేస్తే? ఊరే మునిగిపోతుంటే తాళమెందుకమ్మా, పిచ్చి కాకపోతే?"

"మీ అమ్మమ్మా వేసింది," అంది టీచరమ్మ.

పెద్దోడు కూడా అప్పుడే వచ్చాడు. చేతిలో సంచి కింద పెట్టడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. అమ్మ చిన్నప్పుడు ఎక్కడో సరిహద్దు దగ్గర ఊళ్లో ఉండేదని, అక్కడినుంచి వచ్చేశారని మాత్రమే కొడుకులకు తెలుసు. ఎందుకు వచ్చేశారని ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"అప్పుడు నేను చాలా చిన్నదాన్ని. మా ఊరి మీదికి నీళ్లు కాదు, విమానాలొచ్చాయి. ఊళ్లో ఎవరో సైనికులు దాక్కున్నారన్నారు. ఉన్నారో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. అందరం పొలాల్లోకి పరిగెత్తాం. సగం దూరం పోయాక అమ్మ ఆగింది. నేను ఏడుస్తూ చెయ్యి పట్టుకున్నా. విదిలించుకుని వెళ్లి, తలుపుకు తాళం వేసి వచ్చింది."

ఆవిడ గొంతు బడిలో పాఠం చెప్పినట్టే నిలకడగా ఉంది.

"మళ్లీ వెళ్లేసరికి ఇల్లు లేదు. కప్పు లేదు, గోడలు లేవు. వీధి గుమ్మం ఒక్కటే నిలబడుంది. దానికి తలుపు, తలుపుకు తాళం. పక్కనుంచి ఎటైనా లోపలికి పోవచ్చు. నేను పోబోతే అమ్మ ఆపింది. 'మన ఇంట్లోకి మనం దొంగల్లా వెళ్తామా?' అంది. తాళం తీసి, తలుపు తోసి, నన్ను గుమ్మంలోంచే లోపలికి తీసుకెళ్లింది."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిన్నోడు గుమ్మం వదిలి దగ్గరికి వచ్చి అడిగాడు. "ఆ విమానం నడిపినవాడి మీద నీకు కోపం లేదా అమ్మా?"

"కోపం కన్నా ఒక్క సంగతి తెలుసుకోవాలని ఉండేది. వాడు కిందికి చూశాడా? అంత ఎత్తునుంచి ఏం కనిపిస్తుందిలే, కనిపించుంటే వేసేవాడు కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను. పెద్దయ్యాక కూడా అలాగే నమ్మాను. అలా నమ్మబట్టే మనుషుల మధ్య మామూలుగా బతికాను."

చిన్నోడు గదిలోకి పోయాడు. ఆవిడ వెనక్కి పిలవలేదు.

తెల్లవారి చిన్నోడు కొత్త చొక్కా వేసుకుని, తల్లి కూర్చున్న హాల్లోకి వచ్చాడు. కానీ బయల్దేరలేదు. తనను చేర్చుకుంటున్న ఇంజనీరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు. కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సార్, ఒక డౌటండీ. మనం చేసే అద్దాల్లోంచి చూస్తే కింద ఎంతవరకు తెలుస్తుంది? ఒక ఇంటి తలుపుకు తాళం వేసుంటే కనిపిస్తుందా?"

అవతలి మనిషి ముచ్చటగా నవ్వాడు. "తాళమేంటయ్యా! తాళం మీద కంపెనీ పేరుంటే అది కూడా చదవచ్చు. వచ్చాక చూపిస్తాగా."

"అంత బాగా కనిపించాక కూడా... కొడతారా సార్?"

అవతలి గొంతులో నవ్వు పోయింది. "అది మనం చూసుకునే విషయం కాదు. నువ్వొస్తున్నావా లేదా?"

"మళ్లీ చెప్తానండీ," అని పెట్టేశాడు.

తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కనిపిస్తుందంట అమ్మా," అన్నాడు. ఆ మాట అంటుంటే వాడి మొహం చిన్నపిల్లాడిలా వంకర్లు పోయింది. ఆవిడ వాడి తల పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. నిన్న చెంపలు తడిపి ఆగిన ఏడుపు ఆవిడకూ అప్పుడే పొంగుకొచ్చింది.

కోడలు వచ్చి పక్కనే కూలబడింది. "నేను ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది. గెలవాలని అన్నానంతే. నువ్వెలాంటివాడివో నాకు తెలీదా?"

"నీ మాట విని మానేస్తున్నాననుకోకు వదినా," అన్నాడు చిన్నోడు ముక్కు తుడుచుకుంటూ. "మానేస్తున్నానో, వాయిదా వేస్తున్నానో నాకే తెలీట్లేదు. ఈ రోజుకి మాత్రం పాత చోటుకే పోతాను. కంటాసుపత్రి మిషను అద్దం ఒకటి సగంలో ఉంది." ఆగి, "సేనాని విషయంలో మాత్రం మనకింకా తేలలేదు," అన్నాడు.

"తేలలేదు. ముందు తిను, తర్వాత కొట్టుకుందాం," అని కోడలు కళ్లు తుడుచుకుంటూ లేచింది.

చిన్నోడు మాత్రం లేవలేదు. తల్లి మొహంలోకి చూస్తూ, "అమ్మా, ఆ తలుపు తీసి లోపలికెళ్లాక అమ్మమ్మ ఏం చేసింది?" అన్నాడు.

టీచరమ్మ ఆశ్చర్యంగా చూసింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. వంటింట్లోకి పోబోతున్న కోడలు ఆగిపోయింది. షాపుకు బయల్దేరిన పెద్దోడు తాళాలగుత్తి జేబులో వేసుకుని కుర్చీ లాక్కున్నాడు.

"ఏం చేసిందంటే... నన్నో పక్కన నిలబెట్టి, చీపురుకోసం వెతికింది. దొరకలేదు. వేపరెమ్మ ఒకటి విరుచుకొచ్చి, ముందు ఆ నేల ఊడ్చింది," అంది టీచరమ్మ.

"తర్వాత?" అన్నారు ముగ్గురూ.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చెప్పడం మొదలుపెట్టింది.