హ్వే అని పిలిస్తే

తొంభై ఆరులో సంగతి. బహ్రెయిన్‌లో, సనాబిస్‌లో మా బట్టల ఫ్యాక్టరీ వాళ్ల క్వార్టర్స్. మా గదిలో నేను, పాలకొల్లు వైపు నుంచి వచ్చిన నరసాయమ్మక్క, చైనా అమ్మాయి లిన్ ఉండేవాళ్లం.

ఆ శుక్రవారం సెలవు. సాయంత్రం దుమ్ముగాలి లేస్తే కిటికీలు మూశాం. అక్క చారు పెడుతోంది. లిన్ గుడ్డ మీద గీసే సుద్దతో గోడ మీద ఏదో రాసింది. పెద్ద గడి, అందులో చిన్న గడి.

"ఏంటిది?" అన్నాను.

"మా అక్షరం, సత్యా. హ్వే," అంది లిన్, వచ్చీరాని హిందీలో. "తిరిగి రావడం అని. పూర్వం నీటి సుడిలా గుండ్రంగా గీసేవాళ్లు. రాను రాను గడులైపోయింది. ప్రశ్న అడిగినట్టు గొంతు పైకి లేపి అనాలి. కిందికి దించి లేపితే వేరే మాట. నాశనం."

గరిటె చప్పుడు ఆగింది.

అక్క మొగుడు పేరయ్య ఇక్కడే చేపల లాంచీ మీద పనిచేసేవాడు. కిందటేడు సముద్రంలో పడిపోయాడు. శవం దొరకలేదు.

అక్క వచ్చి ఆ గడి మీద అరచెయ్యి ఆనించింది. "హ్వే..." అంది. గొంతు వణికి కిందికి జారి, మళ్లీ లేచింది.

లిన్ మొహం పాలిపోయింది. "అలా కాదు... అలా అనకు..."

కరెంటు పోయింది. చారు వాసన పోయి, కుళ్లిన నాచు వాసన. తలుపవతల తడి కాళ్ల చప్పుడు. చప్... చప్... మా గుమ్మం దగ్గర ఆగింది.

"నర్సా..."

పేరయ్య బావ గొంతే.

"తియ్యకక్కా..." చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని తలుపు తీసింది. ఎవరూ లేరు. దుమ్ము. అందులోకి నడిచి వెళ్లిపోయింది. పిలిచాను. వెనక్కి చూడలేదు...

కాసేపటికి తనే వచ్చి మంచం మీద కూర్చుంది. బయట అంత దుమ్ము... చీర మీద ఇసుక రేణువైనా లేదు.

ఆ తర్వాత మాట లేదు, తిండి లేదు, నిద్ర లేదు. డ్యూటీకి మాత్రం వచ్చేది. భయమేసి, ఆమెని వెంటబెట్టుకుని ఫోను బూత్‌కి వెళ్లాను. వాళ్ల ఊళ్లో కొట్టుకి ఫోను చేసి అత్తగారిని పిలిపించాను.

"మీ కోడలు మాట్లాడ్డం లేదండి. మీరొకసారి పలకరించండి."

"ఎవరమ్మా నువ్వు?" అంది ముసలామె. "మా కోడలు శుక్రవారం రాత్రే ఇంటికొచ్చేసింది గదా! ఒళ్లంతా తడి. ఎలా వచ్చావే అంటే చెప్పదు, ఏడుస్తది. ఇదిగో, నా పక్కనే ఉంది."

ఫోను చేతులు మారింది. అక్క గొంతు, సన్నగా.

"సత్యా... నీతో ఉన్నది ఎవరే?"

నా పక్కనున్న ఆమె ఫోను కోసం చెయ్యి చాచింది.