మూడో మెట్టు

ఊరి చివర పాత పిండిమర దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. మరాయన పోయి, మర ఆగి ముప్పై ఏళ్లయింది. బతికున్నన్నాళ్లూ ఆయన మూడో మెట్టు మీదే కూర్చునేవాడు. మూటలు మోసేవాళ్లు ఎంత తిట్టినా "చుట్టూ తిరిగి పోండ్రా" అనేవాడే గాని జరిగేవాడు కాదు. ఇప్పటికీ జరగలేదని జనం అంటారు.

నేను నమ్మను. ఇది మాత్రం నా మనవరాలు చెప్పింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అది ఫొటోలు తీస్తుంది. పెళ్లిళ్లవి కాదు... పాత ఇళ్లవి, పెచ్చులూడిన గోడలవి. పిండిమరను పడగొట్టి రోడ్డు వేస్తామన్నారు. ఆపాలంటే తెల్లారేలోగా పాత కట్టడాలను కాపాడే కమిటీకి ఒక్క ఫొటో పంపాలి. అందులో కట్టడమే ఉండాలి, మనిషి ఉండకూడదు. అదీ షరతు.

పగలు తీస్తే వెనక రేకుల షెడ్లు, కరెంటు స్తంభాలు అడ్డం. అందుకే రాత్రి వెళ్లింది, ఒక్కతే. కెమెరాను స్టాండుకి బిగించి, తీగ చివరి బటన్ నొక్కి, నాలుగు నిమిషాలు తెరిచి ఉంచాలి. ఆలోగా తను తిరుగుతూ గోడలకు టార్చి వెలుగు పూయాలి. మళ్లీ పరుగెత్తుకొచ్చి బటన్ నొక్కి మూయాలి. అలా తీస్తే తిరిగే మనిషి ఫొటోలో పడడు. కదలకుండా ఉన్నదే పడుతుంది.

మొదటి ఫొటో చూసుకుంది. మూడో మెట్టు మీద... మసగ్గా ఎవరో.

టార్చి వేసింది. మెట్టు ఖాళీ.

రెండో ఫొటో. ఉన్నాడు.

మూడోది. ఉన్నాడు... మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తీరిగ్గా.

పైగా తను పరుగెత్తుకొచ్చేసరికి ప్రతిసారీ ఆలస్యమై, వెలుగు ఎక్కువై ఫొటోలో గోడలు తెల్లగా పాలిపోతున్నాయి. బ్యాటరీ ఇంకొక్క ఫొటోకే మిగిలింది.

ఎవరైనా అయితే పారిపోతారు. ఇది మా ఇంటి పిల్ల... దానికి ఒళ్లు మండింది.

"ఏమండీ, మీ మర కోసమే కదా నేనిక్కడ చస్తున్నాను!" పళ్లు కొరుకుతూ గొణిగింది. "ఊరికే కూర్చునే బదులు లేచి కాస్త సాయం చేయొచ్చుగా?"

బటన్ నొక్కి వెళ్లింది. వెలుగు పూస్తూ, సెకన్లు లెక్కపెడుతూ గోడ చివరి మూలకు చేరింది. రెండు వందల ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది... అయ్యో, మళ్లీ ఆలస్యం—

టక్.

కెమెరా మూసుకుంది.

పరుగున వచ్చింది. దగ్గర్లో ఎవరూ లేరు. ఫొటోలో ప్రతి రాయీ తేటగా ఉంది. మూడో మెట్టు ఖాళీ.

మర్నాడు మధ్యాహ్నం, కూల్చడం ఆపారన్న కబురు తెచ్చి, ఇదంతా చెప్పింది.

"తీగ పాడైపోయుంటుందిలే," అన్నాను విసుగ్గా.

"నువ్వొకడివి తాతయ్యా! చస్తే ఒప్పుకోవు," అంటూ ఆ తీగ నా చేతిలో పడేసి లోపలికి పోయింది.

దానికి తెలియని సంగతి ఒకటుంది. మరాయన్ని ఆ మెట్టు మీంచి లేపడానికి ఒక్కటే దారి ఉండేది... ఏదైనా పని చెప్పడం.

నల్లటి బటన్ మీద తెల్లగా వేలిముద్ర. తీసి రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాను.

పిండి. మెత్తగా ఉంది... అప్పుడే మరలోంచి పడ్డట్టు, ఇంకా వేడిగా.